ఖాజా వంతు

దిష్టి తీసి నాలుగు బాటల దగ్గర పడేసిన నిమ్మకాయల్ని తన్నుకుంటూ బడికి పోయినవాణ్ణి నేను. ఎవరికైనా దయ్యం పట్టిందంటే నవ్వు ఆపుకోలేకపోయేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లుగా ఇందులో సగమే అందరికీ చెప్పాను. ఆ సగంలో కూడా ఒక అబద్ధం ఉంది.

తొంభైల మధ్యలో సంగతి. నల్లగొండలో మా గల్లీ చివర యాదన్న అనే ఆయన తన ఇంటి ముందు గదిలో రెండు టీవీలు పెట్టి వీడియో గేములు ఆడించేవాడు. ఇంటర్ పరీక్షలైపోయిన ఆ ఎండాకాలం నేనూ ఖాజా అక్కడే చాప మీద పడి ఉండేవాళ్లం. ఖాజాది మా పక్కిల్లే. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. పొద్దున పూట వాళ్ల నాయిన సైకిల్ షాపులో పంక్చర్లు వేసి, చేతులకు గ్రీజుతోనే ఆటకు వచ్చేవాడు.

మేము ఆడేది గుహల ఆట. తెర మీద ఒక మనిషి. వాడు గోతులు దూకాలి, మీద పడే బండల్ని తప్పించుకోవాలి, పాముల్నీ గబ్బిలాల్నీ కొట్టుకుంటూ పోవాలి. ఇద్దరు ఆడితే ఒకరి మనిషి చచ్చాకే రెండోవాడి వంతు. ఎవరి రిమోట్ వాళ్లది. చివర్లో ఒక తాళ్ల వంతెన ఉంటుంది. కాలు పెట్టిన చెక్క పెట్టినట్టే ఊడిపోతుంది. యాదన్న షాపులో దాన్ని దాటినవాళ్లు లేరు.

ఖాజాకు ఒక పిచ్చి అలవాటు ఉండేది. ఏది దూకాలన్నా ముందు మనిషిని రెండడుగులు వెనక్కి నడిపించి, రెండుసార్లు కూర్చోబెట్టి లేపేవాడు. గొయ్యికి సలాం కొడుతున్నానని అనేవాడు. ఆ సలాములు కొడుతూనే ఎన్నోసార్లు బండ కింద పడి చచ్చాడు. నేను ఎంత తిట్టినా మానలేదు.

ఆ ఆటలో ఎంతదూరం వచ్చామో దాచుకునే వీలు లేదు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయేది, పోతే మళ్లీ మొదటికి. పైగా యాదన్న రూలు ఒకటి. లేచినవాడి జాగా పోయినట్టే, బయట అరుగు మీద వరుసలో ఉన్నవాడు వచ్చి కూర్చుంటాడు. జోడీగా ఆడేటప్పుడు మాత్రం ఒకరు లేచినా రెండోవాడు ఉంటే చాలు, ఆట మనదే.

ఆ రోజు పదింటికే కూర్చున్నాం. ఒంటి గంటకు మొదటిసారి ఇద్దరం వంతెన దాకా వచ్చాం. సరిగ్గా ఒంటి గంటకే నేను బాపుకు సద్ది తీసుకుపోవాలి. బాపు పానగల్ తొవ్వలో ఒక రైసుమిల్లులో హమాలీ. షుగరు ఉంది, వేళకు తినకపోతే చెమటలు పట్టి కూలబడిపోయేవాడు. క్యారేజీ నా పక్కనే ఉంది. నా సైకిల్ బయట ఉంది. లేవాల్సింది నేను.

నాకు లేవబుద్ధి కాలేదు. టీవీ మీంచి కళ్లు తీయకుండానే ఖాజాతో అన్నాను.

"జర నువ్వు పోయి ఇచ్చిరా రా. నీ వంతొచ్చినా ముట్ట. నువ్వొచ్చేదాక ఆపుత."

వంతెన దాటాలని వాడికీ ఉంది. కాసేపు తెర వైపే చూశాడు. "బ్రేకు ఏపిచ్చినవా శీనూ?" అని అడిగాడు. నా సైకిల్ బ్రేకు వైరు తెగిందని వారం కిందట వాడే చూసి, షాపుకు తెస్తే వేస్తానన్నాడు. ఆట యావలో పడి నేను తీసుకుపోలేదు.

"ఏం కాదు, పో" అన్నాను.

వాడు క్యారేజీ పట్టుకుని పోయాడు.

కాసేపటికి నా మనిషి వంతెన మీంచి పడి చచ్చాడు. గోడ గడియారం చూశాను, ఒకటీ ఇరవై. తెర మీద ఖాజా వంతు వచ్చింది. ఆపుదామని చెయ్యి చాపాను. వాడి రిమోట్ చాప మీద బోర్లా పడి ఉంది. నా వేలు ఇంకా దాన్ని తాకలేదు.

తెర మీద మనిషి రెండడుగులు వెనక్కి నడిచాడు. కూర్చుని లేచాడు. మళ్లీ కూర్చుని లేచాడు. అప్పుడు వంతెన ఎక్కాడు.

ఒక్క చెక్క కూడా తప్పకుండా దూకుకుంటూ అవతలికి చేరాడు. అక్కడ నిధి లేదు, రాక్షసులు లేరు. నల్లటి ఆకాశం కింద ఖాళీ నేల. మనిషి దాని మీద నిలబడిపోయాడు.

నా వెనక నుంచి యాదన్న "ఎవలాడుతుండ్రురా?" అన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. వైరు లూజై ఉంటుందని ఆయనే సర్దిచెప్పుకున్నాడు. వైరు లూజైతే మనిషి అడ్డదిడ్డంగా ఉరుకుతాడని ఒప్పుకుంటాను. సలాం కొడతాడా?

కరెంటు పోయేదాకా ఆ మనిషి కదల్లేదు. నేను రిమోట్ ముట్టలేదు.

బయటికి వచ్చేసరికి గల్లీ అంతా గోలగోలగా ఉంది. మిల్లుకు ముందున్న దిగుట్లో సైకిల్ ఆగక ఖాజా లారీ కింద పడ్డాడు. ఒకటిన్నర కాకముందే జరిగిందని మిల్లువాళ్లు చెప్పారు. వాడు సాయంత్రం దవాఖానలో పోయాడు. నేను దవాఖాన గేటు దాకా పోయి, లోపలికి పోలేక తిరిగొచ్చాను. బాపు ఆ పూట తోటి హమాలీ పెట్టిన అన్నం తిన్నాడట. అంత సులువుగా తీరిపోయే పని అది.

మూడో రోజు ఖాజా వాళ్లమ్మ, నేను ఖాలా అని పిలిచే ఆమె, మీ సద్ది వాడెందుకు తీసుకుపోయాడని అడిగింది. అందరి ముందూ చెప్పాను.

"నేను పోతనంటే ఇనలే ఖాలా. తనే పోతనని క్యారేజీ గుంజుకున్నడు."

ఆమె తల ఊపింది. ఆ తర్వాత ఆమెకు ఎదురుపడకుండా వెనక తలుపులోంచి తిరిగేవాణ్ణి. డిగ్రీ వంకతో మహబూబ్‌నగర్‌లో మేనమామ ఇంటికి పోయి, పండగలకు కూడా రావడం మానేశాను.

నాలుగేళ్లకు బాపు ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వచ్చాను. ఈసారి నిజం చెప్పాలనే ఖాలా గడప ఎక్కాను. "ఖాలా, ఆ రోజు ఖాజా..." అనేలోపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకెర్కనే బేటా. దవాఖానల వాడు సుత గదే చెప్పిండు. నేనే అడిగి తీస్కపోయిన, శీనును ఏమనకుండ్రి అన్నడు."

ఆమే మళ్లీ అంది.

"ఇంకోటి నీకు చెప్పమన్నడు, నువ్వు కనబడితెనే కద. బ్రిడ్జి దాటిన, అవతల ఏం లేదు, ఊకె నిలబడ్డ అన్నడు. ఏ బ్రిడ్జి బేటా? ఆ తొవ్వల బ్రిడ్జే లేదు."

ఆట సంగతి చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. పంపింది నేనేనని మాత్రం చెప్పలేదు. చెబితే కొడుకు తనతో ఆడిన ఆఖరి మాటలు అబద్ధమని ఆమెకు తెలిసిపోతుంది. అప్పుడు అలా అనుకున్నాను. నిజానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆ తెర మీద ఏముందో చూసింది నేనూ యాదన్నా. ఇద్దరం దవాఖాన లోపలికి పోలేదు. ఖాజాకు ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కదు. బ్రేకు లేదని తెలిసీ ఎందుకు ఎక్కాడో, నేను ఆడబోయే అబద్ధాన్నే నాకంటే ముందు ఎలా ఆడాడో అదీ తెలియదు.

ఖాలా పోయిన ఏడు చనిపోయింది. ఇక నా మాట వినాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఖాజా అడగలేదు. నేనే పంపాను.