ఆడు అన్నారా, ఆగు అన్నారా?

1978, ఎండాకాలం సెలవులు. వరంగల్‌లో ఒక బడికి నేను డ్రిల్ మాస్టర్ని, సెలవొస్తే హాకీ మ్యాచ్‌లకు అంపైర్ని. ఆ రోజు ఫైనల్. ఒకవైపు సుబేదారిలోని ఆఫీసుల ఉద్యోగులు, మరోవైపు కాశిబుగ్గ నేతపనివాళ్లు. గెలిచినవాళ్లు హైదరాబాద్ టోర్నమెంటుకు వెళ్తారు. కాశిబుగ్గ గోల్‌కీపర్ సాంబయ్యకు నలభై దగ్గరపడుతున్నాయి. మోకాళ్లు పట్టేస్తున్నాయని, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడి మానేస్తానని అందరికీ చెప్పుకున్నాడు. నేనుండేదీ కాశిబుగ్గలోనే, అతని వీధిలోనే.

అంపైరింగ్ అంటే సీటీ ఊదడమే అనుకుంటారు చాలామంది. పొద్దున్నే వెళ్లి సున్నంతో గీతలు వేయించాలి. గోల్ ముందుండే అర్ధచంద్రాన్ని ‘డి’ అంటాం, అది వంకర పోకుండా చూసుకోవాలి. ప్రతి స్టిక్కునూ ఇనప రింగులోంచి దూర్చి చూడాలి. దూరకపోతే అది ఆటకు పనికిరాదు. నెట్టుకు చిల్లులుంటే కాశిబుగ్గవాళ్లు నూలు తెచ్చి ముడులేశారు. సుబేదారివాళ్లు నిలబడి సలహాలిచ్చారు.

ఆట ముగియవస్తున్నా గోల్ లేదు. సుబేదారివాళ్లు ‘డి’లోకి దూసుకొచ్చారు. బంతి కాశిబుగ్గ డిఫెండర్ కాలికి తగిలింది. ఫౌలే. కానీ బంతి మళ్లీ సుబేదారివాళ్లకే దొరికింది కాబట్టి నేను ఊదలేదు. దీన్ని ‘అడ్వాంటేజ్’ అంటారు. ఆట ఆపితే తప్పు చేసినవాడికే లాభమయ్యేటట్టుంటే ఆపకూడదు. వాళ్ల ఫార్వర్డ్ తన జతగాడితో “ఆడు, ఆడు!” అని అరిచాడు. ఫౌల్ కళ్లారా చూసిన సాంబయ్య చెవికి అది “ఆగు” అని వినపడింది. నడుమెత్తి నిలబడిపోయాడు. బంతి అతని పక్కనుంచి నెట్టులో పడింది.

జనం మైదానంలోకి వచ్చేశారు. కాశిబుగ్గ కెప్టెన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగుమన్నరు సార్! అందుకే మావోడు ఆగిండు. జర సోంచాయించుండ్రి.”

“ఆడుమన్నడు, నేను పక్కనే ఉన్న. అయినా ఆగుమనేది నా సీటీ ఒక్కటే.”

“మీరు మన కాశిబుగ్గోల్లే గద సార్!”

“ఇంటికాడ కాశిబుగ్గోన్నే. ఈడ కాదు.”

“ఇంటికెట్ల పోతవో చూస్తం!” అన్నారెవరో వెనకనుంచి. అయినా గోల్ ఇచ్చినట్టు సెంటర్ వైపు చాపిన చేతులు దించలేదు.

సాంబయ్య ప్యాడ్లతో కుంటుకుంటూ వచ్చాడు.

“సీటీ ఊదిండ్రా సార్?”

“ఊదలే, సాంబన్నా.”

అతను జనం వైపు తిరిగి, “అయితే గోలే. జరుగుండ్రి, ఇంక ఆట ఉన్నది” అన్నాడు.

ఆ ఒక్క గోల్‌తోనే కాశిబుగ్గ ఓడింది. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కు ముందు రెండు జట్లనూ పిలిచి, ఎవరేమన్నా సీటీ వినపడేదాకా ఆడుతూనే ఉండమని చెప్పడం అలవాటు చేసుకున్నాను. సాంబయ్య మళ్లీ ప్యాడ్లు కట్టలేదు. ఆ తీర్పు సరైనదే, ఇవాళ అడిగినా అదే ఇస్తాను. సరైన తీర్పు ఇస్తే మనసు తేలికపడుతుందని మాత్రం ఎవరితోనూ అనను.