పట్టుచీర మడతలో పత్రిక చరిత్ర

హిందూపురంలో రైలెక్కుతూ కొన్న జాతీయ దినపత్రిక, ఆ రోజు తన చరిత్రనే ఒక పేజీ నిండా రాసుకుంది. చాపంత పేజీ. నేను విప్పితే పెట్టెలో సగం కిటికీలకు గాలి ఆగిపోయింది.

సగం చదివేసరికి పెనుకొండ దాటింది. ఎదుటి సీటు పెద్దమనిషి ఒళ్లో పాత పట్టుచీర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, ఆ షీటు ఇస్తావా? ఇది మా అవ్వ పెండ్లిచీర. రేపు ధర్మవరంలో మా పాప కట్టుకోవాల. మడతలో కాగితం లేకుంటే జరీ రాసుకొని తెగిపోతాది."

"ఇది చరిత్రప్పా! దాచుకోవాల," అన్నాను, కోటకు కాపలా ఉన్న సేనాపతిలా.

ఆయన చీర మడత విప్పాడు. లోపల చిల్లులు పడి పసుపెక్కిన కాగితం. పైన అదే పత్రిక పేరు! నా గుండె ఇంజనుకన్నా ముందే ధర్మవరం చేరింది.

"ఆ పాతది నాకిచ్చెయ్యప్పా, పేపరంతా నువ్వే తీసుకో!"

"యాడన్నా ఇస్తారా? మా అవ్వ చేత్తో పెట్టిందది. చినిగిపోతాండాదని తోడుకు ఇంగోటి అడిగినా, అంతే."

పేజీ ఇచ్చేశాను. ఆయన పాతదాని పక్కన దాన్ని పరిచి, పసిబిడ్డను చుట్టినట్టు చీర మడిచాడు.

ఆ పత్రిక చరిత్ర నాకిప్పటికీ సగమే తెలుసు. తక్కిన సగం ధర్మవరంలో, ఎవరి అవ్వదో పెండ్లిచీరలో, భద్రంగా ఉంది.