మరమగ్గాల మోతలో పోయిన చెవులు

మా నాన్న చివరి రోజుల్లో మగ్గం ముందు కూర్చోబెట్టినా పడుగేదో పేకేదో తెలియని మనిషైపోయాడు. అందుకే, నాకు అరవై దాటాక, నా భార్య నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టింది.

"ఏం మామా, తిరుత్తణి పోతాంటే చింతపండు తెమ్మంటి గదా, యాడ?"

"నువ్వు చెప్పనేలేదు."

"పొద్దున చెప్పినాను. మీ నాయన మాదిరే అయితాండావు."

"ఆస్తి ఎట్లాగూ ఇయ్యలేదు, ఇదైనా ఇచ్చినాడేమో!"

ఆమె నవ్వలేదు. నిజానికి నాకూ నవ్వు రాలేదు.

తిరువళ్లూరులో డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరమ్మ గుర్తుపెట్టుకోమని కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడిగింది. అన్నీ అప్పజెప్పాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని, నేను పాసైన మొదటి పరీక్ష అదే. తర్వాత ఆమె నా వెనక్కి పోయి ఏదో అడిగిందట. నేను తీరిగ్గా గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

"అయ్యా, మీ మతి బాగుండాది. చెవులే పోయినాయి. ఇన్నేండ్లు తెలీలేదా?"

ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో సగం మరమగ్గాలే. ఆ మోతలో పెదవులూ సైగలూ చూసుకుంటూ కాపురం చేశాం. కాఫీ అంటే బొటనవేలు, అన్నం అంటే ఐదు వేళ్లు, మా అత్త వస్తోందంటే ఎగరేసిన కనుబొమ్మ. మగ్గాలు అమ్మేశాకే నా భార్య పొయ్యివైపు తిరిగి మాట్లాడటం నేర్చింది. ఆ మాటలు నన్ను చేరితే కదా, మరిచిపోవడానికి!

"వినపడకపోతే మనుషుల్లోకి పోరు, మెదడుకు పని తగ్గిపోతాది. చెవికి మిషన్ పెట్టుకోండి. బీపీ, షుగరు అదుపులో పెట్టండి, నడవండి, బీడీ మానండి. మతిమరుపు రానే రాదని రాసియ్యలేను. మన చేతిలో ఉండేది చేస్తాం" అంది డాక్టరమ్మ.

"మిషన్ పెట్టుకుంటే ముసలోడంటారే?"

"పెట్టుకోకుంటే మతిలేనోడంటాండారు. ఏది కావాలో చెప్పు మామా" అంది నా భార్య.

పెట్టుకున్నాను. బీడీ మానేశాను. మానేసి మళ్లీ కాల్చి, మళ్లీ మానేశాను. ఇప్పుడు వారానికి మూడు పొద్దులు ఇద్దరం తిరుత్తణి కొండమెట్లు ఎక్కుతున్నాం. మొన్న నా భార్య నాలుగు మెట్లు వెనకనుంచి, తనలో తాను గొణుక్కుంటోంది: "తను బాగుండేదానికి నా మోకాళ్లు అరగదీస్తాండాడు."

"నీ మోకాళ్లకూ మంచిదే, రా" అన్నాను, తల తిప్పకుండానే.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో దేవుడా! ఇంక నిన్ను వెనకాల తిట్టుకునేదానికి గూడా లేదా?"

"లేదు" అని పై మెట్టు మీద కాలు పెట్టాను.