డెల్ఫీన్ అత్త పరామర్శ

ఉత్తర అమెరికాలోని ఆ ఒజిబ్వే ఆదివాసీ గూడెంలో ఎవరు పోయినా ముందువరుస కుర్చీ డెల్ఫీన్‌దే. నల్లకళ్లద్దాలు తీయకుండా, "ఇది కొట్లో కొన్న బియ్యం. మా అమ్మ సరస్సులో పండే అడవి బియ్యంతోనే సూప్ కాచేది" అని వంకపెడుతూనే మూడు గిన్నెలు లాగించేది. సొంత తమ్ముడు ఆంబ్రోస్ పోయినప్పుడూ అంతే. పోయినవాడి కోసం నాలుగు రోజులు ఆరకుండా కాచే నిప్పులో మేనకోడలు లొరెట్టా ఆయనకు చెప్పాల్సిన మాట చెప్పుకుంటూ పొగాకు వేస్తుంటే, "కుడిచేత్తో కాదే, గుండెకు దగ్గరి ఎడమచేత్తో! మీ నాన్న ఏం నేర్పాడే నీకు?" అని గద్దించింది.

"నాన్న పదకొండు నెలలు మంచంలో ఉన్నాడత్తా. ఒక్కసారైనా మా గడప తొక్కావా? ఇదిగో పొగాకు. ఆయనతో నువ్వే మాట్లాడు" అంది లొరెట్టా.

డెల్ఫీన్ పొగాకును ఎడమచేతిలోకి తీసుకుంది. నిప్పుకేసి చూస్తూ, "రెండుసార్లు నీ తలుపుదాకా వచ్చి వెనక్కి పోయాన్రా" అంది.