విప్పి కట్టినందుకు రుసుము

మా చెల్లెకు మూడేండ్లప్పుడు జరమొచ్చి పది రోజులు దవాఖానల ఉన్నది. ఇంటికొచ్చినంక పిలిస్తే తిరిగి చూసుడు బందైంది. మొండితనమనుకున్నం. మాటినకుంటే అవ్వ రెండుసార్లు కొట్టింది గూడ. ఒకనాడు ఇత్తడి బిందె అవ్వ చేజారి చెల్లె వెనుకనే పడ్డది. మేమందరం ఉలిక్కిపడ్డం. అది మాత్రం పలక మీద గీతలు గీసుకుంట కూసున్నది. గప్పుడు తెలిసింది మాకు. ఆ రెండు దెబ్బలు యాదికొచ్చి అవ్వ మూడు దినాలు అన్నం ముట్టలేదు.

నాయినకు సిద్దిపేట బజార్ల గాజుల దుకాణం ఉండె. నాకు, చెల్లెకు నడుమ ఇద్దరు పుట్టి పోయిన్రు. పన్నెండేండ్లు చిన్నది కాబట్టి దాన్ని ఎత్తుకున్నది, తలదువ్వింది అంత నేనే.

నేను డిగ్రీల చేరిన ఏడు దాన్ని పట్నంల డాక్టరు దగ్గరికి తీస్కపోయినం. ఆయన చెవులు చూసి చెప్పిండు: "వినికిడి పూర్తిగ పోలేదు. మంచి మిషన్ పెడితే వింటది. కానీ ఆలస్యం చేయకున్రి. మాటలు నేర్చే వయసు దాటినంక విన్నా మాట రాదు." అప్పటికి దానికి ఐదేండ్లు నిండినయి. ఇక్కడ దొరికే మిషన్లు రెండు పెట్టి చూసిన్రు, దాని చెవికి అవి సాలలేదు. డాక్టరు ఒక చీటీ మీద ఇంగ్లండు కంపెనీ పేరు రాసిచ్చి, తెప్పించుకోగలిగితే తెప్పించుకోమన్నడు.

ఇంగ్లీషుల ఉత్తరం నేనే రాసిన. మా కాలేజీ సారు దిద్దిండు. నెల తిరిగేసరికి జవాబొచ్చింది. దళసరి కాయితం, నున్నగ ఉన్నది, దాని మీద నా పేరు టైపు కొట్టి ఉన్నది. నా చదువు ఇంటికి పనికొచ్చిన మొదటి సంగతి అది. దుకాణానికి వచ్చినోళ్లందరికీ నాయిన ఆ కాయితం చూపెట్టిండు. ఇక్కడి నుంచి ఆ దేశానికి పైసలు పంపుడు మాతోని అయ్యే పని కాదు. బహ్రెయిన్ల మేస్త్రీ పని చేసే మా మేనమామ అక్కడి నుంచే కట్టిండు. "సామాను సీదా మీ ఇంటికే వస్తది అక్కా" అని అవ్వకు రాసిండు.

సామాను రాలేదు, చీటీ వచ్చింది. విదేశీ పార్సిల్ వచ్చిందని, పన్ను కట్టి తీస్కపొమ్మని దాని మీద ఉన్నది. నాయిన, నేను పోస్టాఫీసుకు పోయినం. కౌంటర్ల ఉన్న క్లర్కు నడీడు మనిషి, కండ్లద్దాలు దారంతోని కట్టుకున్నడు. మెల్లగ మాట్లాడేటోడు.

"మా సామానుకు మామ పైసలు కట్టిండు గద, మళ్ల ఏంది?" అనడిగిన.

"అది సామాను ధర. ఇది కస్టమ్సోళ్ల పన్ను. గీ కిందిది రుసుము. పార్సిల్ విప్పి వాళ్లకు చూపెట్టి మళ్ల కట్టినందుకు."

"చెవిటి పిల్ల మిషన్ సార్. డాక్టరు కాయితం ఉన్నది."

"పట్నంల పన్ను ఏసి పంపిన్రు, నా చేతిల లేదమ్మా. మాఫీ కావాలంటే అక్కడికి రాసుకోవాలె. అప్పటిదాంక ఇది ఈడ ఉండదు, వాపసు పోతది."

కొత్త సరుకు కోసం తీసి పెట్టిన పైసలు తెచ్చి నాయిన కట్టిండు. సంతకం నన్ను పెట్టమన్నడు క్లర్కు, పార్సిల్ నా పేరు మీదనే వచ్చింది కాబట్టి. విప్పి చూసి పెడతనంటే క్లర్కు తల అడ్డంగ ఊపిండు. "ముందుగాల సంతకం, తర్వాత విప్పుడు." పెట్టిన.

బయట అరుగు మీదనే విప్పినం. అగ్గిపెట్టె కంటే జర పెద్ద మిషన్, మెత్తటి గుడ్డల ఉన్నది. ఏమేం పంపిన్రో రాసిన కాయితం ఉన్నది. చెవుల పెట్టుకునే బిళ్ల, దానికి మిషన్‌కు నడుమ ఉండే తీగ మాత్రం లేవు. డబ్బాల వాటి జాగ ఖాళీగున్నది. నాయిన డబ్బా బోర్లించి దులిపిండు. గడ్డితుక్కు రాలింది.

లోపటికి ఉరికినం. క్లర్కు కాయితం చదివిండు, డబ్బా చూసిండు. "నేను విప్పిన్నా నాయినా? మాకు సీలుతోని వచ్చింది, సీలుతోనే ఇచ్చిన. ఆమె సంతకం పెట్టింది" అన్నడు. అన్నదాంట్ల అబద్ధం లేదు. నాయిన కౌంటర్ పట్టుకోని నిలబడ్డడు. పన్ను సంగతి ఎత్తలేదు. "గా విప్పి కట్టినందుకు తీస్కున్నయన్న వాపసియ్యున్రి సారూ, సక్కగ కట్టలేదు గద" అన్నడు. ఎవరి ముంగట తల వంచని మనిషి ఆయన.

పట్నం పోయి నాలుగు కిటికీల ముంగట నిలబడ్డం. ఒకరు ఇంకొకర్ని చూపించిన్రు. ఆఖరికి ఒకాయన నా సంతకం చూపెట్టి అన్నీ ముట్టినట్టే లెక్క అన్నడు. మళ్ల కంపెనీకి రాసిన. వాళ్లు మంచోళ్లు. బిళ్ల, తీగ ఊకెనే పంపుతున్నమని రాసిన్రు. అవి వచ్చేదాంక నెలల కొద్ది మిషన్ గూట్ల పెట్టి ఉన్నది. చెల్లె దాన్ని దించి, బొమ్మ లెక్క జోకొట్టి పండవెట్టేది.

మళ్ల చీటీ వచ్చింది. ఈసారి పన్ను లేదు, విప్పి కట్టిన రుసుమొక్కటే. రెండు సినిమా టికెట్లకైనంత. నాయిన పైసలిచ్చి "పోయి తీస్కరా బిడ్డా" అన్నడు.

కౌంటర్ కాడ చీటీ మీద 'రుసుము' అన్న పదం చూసేసరికి నాకు ఒళ్లు మండింది. "నా ముంగట విప్పున్రి. అన్నీ ఉంటెనే సంతకం పెడత. అప్పటిదాంక పైసా కట్ట."

"రూలు ఒప్పుకోదమ్మా."

"అయితే మీ పెద్దాఫీసరుకు రాస్త."

రాసిన. రెండు పేజీలు, మంచి ఇంగ్లీషుల. రాసుకుంట ఎంత సంబురమనిపించిందో ఇప్పటికీ యాదికున్నది. ఆఫీసరే ఇంటికి పంపిస్తడని నాయినకు చెప్పిన. చదువుకున్న బిడ్డ మాటని ఆయన నమ్మిండు.

కొన్ని రోజులకు స్టాంపులకని పోతే క్లర్కే నన్ను పిలిచిండు. "రేపటితోని గడువు అయిపోతదమ్మా. కోపం పక్కకు పెట్టు. పైసల సంగతైతే నేను కడత, నువ్వు సంతకం పెట్టి తీస్కపో."

"మీ ధర్మం మాకొద్దు" అన్న. లైన్ల నిలబడ్డోళ్లు నా దిక్కు చూసిన్రు. నేను తల ఎత్తుకోని బయటికొచ్చిన.

పార్సిల్ వాపసు పోయింది. నా ఫిర్యాదుకు జవాబు ఆ తర్వాతొచ్చింది, గడువులోగ తీస్కోనందున తిప్పి పంపినమని రెండు వరుసలు. నాయిన ఆ కాయితాన్ని నాతోని రెండుసార్లు చదివించుకున్నడు. ఆ దినం దుకాణం తెరవలేదు. కంపెనీకి మళ్ల రాస్తే, ఆ రకం మిషన్ల తయారీ ఆపినమని, దాని విడి భాగాలు ఇంక లేవని చెప్పిన్రు. మామ పని పోయి వాపసొచ్చిండు. చెల్లెకు ఇంకో మిషన్ దొరికేసరికి దాని వయసు తొమ్మిదేండ్లు దాటింది. బస్సు హారన్ వింటుండె, కుక్కర్ కూత వింటుండె. మాట రాలేదు. డాక్టరు చెప్పిందే అయింది.

పట్నంల చెవిటి పిల్లల బడిల చదువు నేర్చుకున్నది. నాయినకు కండ్లు మందగించినంక దుకాణం అదే చూసుకున్నది. చెయ్యి పట్టి చూస్తే చాలు, ఏ సైజు గాజో చెప్పేస్తది. నేను మద్దూరు బడిల పంతులమ్మనైన.

ఒక సెలవు నాడు నేను దుకాణంల కూసున్నప్పుడు చిట్టీబుక్కుల ఒక కాయితం చింపి రాసి నా ముంగట పెట్టింది. చిన్నప్పటి సంగతంత అవ్వ సైగలతోని చెప్పిందట.

"రెండో పార్సిల్ నువ్వు తీస్కోలేదట, నిజమేనా?"

నేను తలూపిన.

అది కాయితం తన దిక్కు జరుపుకోని, కింద ఇంకో వరుస రాసింది. "గా పైసలు కడితే అయిపోతుండె గద అక్కా."

న్యాయం కోసం కొట్లాడిననని రాయాలనుకున్న. ఇరవై ఏండ్లు గూడ లేవు నాకప్పుడు అని రాయాలనుకున్న. పెన్ను కోసం చెయ్యి చాపేసరికి ఇద్దరు ఆడోళ్లు మెట్లెక్కి వచ్చిన్రు. అది పెన్ను జడల చెక్కుకోని, గాజుల డబ్బాలు దించెటందుకు లేచిపోయింది.