ఆరితే దిగే రంగు

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరిచిన ఏడు అది. నేను ఆదోనిలో బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది ఇంటర్మీడియట్ పాఠాలన్నీ ఫోన్‌లోనే విన్నారు. బ్యూరెట్‌ను బొమ్మలో తప్ప చూసి ఎరగరు. అందుకని మా కెమిస్ట్రీ మేడమ్ సీనియర్లలో కొందరిని పీర్ ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకున్నారు. పీర్ ఇన్‌స్ట్రక్టర్ అంటే లెక్చరర్ కాదు, తోటి విద్యార్థే. జూనియర్లకు ల్యాబ్‌లో తోడుంటాడు.

నన్ను పిలిస్తే వెంటనే ఒప్పుకోలేదు. ఊళ్లో మాకు నూలు మిల్లు ఉండేది. ఇప్పుడది ఎవరిదో గోడౌను. కమాను మీద మా ఇంటిపేరు మాత్రం చెరపకుండా వదిలేశారు. మా ఇంట్లో ఇంకొకరి కింద పనిచేసినవాళ్లు లేరు. "ఇది పని కాదప్పా, బాధ్యత" అన్నారు మేడమ్. ఆ మాట మీద ఒప్పుకున్నాను.

ఆమె పెట్టిన నియమాలు రెండే. విద్యార్థి పరికరాన్ని మనం ముట్టుకోకూడదు. జవాబు మనం చెప్పకూడదు, ప్రశ్నలు వేసి వాళ్లచేతే చెప్పించాలి. అవి నా స్వభావానికి సరిపోయాయి. చేతులు వెనక్కి కట్టుకుని, నిటారుగా నిలబడి ప్రశ్నలు వేసేవాణ్ణి. నన్ను 'సార్' అనమన్నాను. అందరూ అన్నారు, నాగవేణి తప్ప.

నాగవేణి ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లింట్లో చేనేతవాళ్ల నూలుకు రంగులు వేస్తారు.

"అన్నా అంటే తక్కువైతాదా? మా ఈదిలో ఎమ్మెల్యేనే అన్నా అంటారు" అంది.

బెంచీలన్నీ నవ్వాయి. నేను నవ్వలేదు.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ముఖ్యమైనది టైట్రేషన్. ఫ్లాస్కులో ఆమ్లం పోసి, అందులో రంగు చూపే ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తాం. బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టం నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతాం. నీళ్లలా ఉన్న ద్రవం లేత గులాబీకి తిరిగి, ఆ ఛాయ కాసేపు నిలిస్తే అక్కడ ఆపాలి. అదే ఎండ్ పాయింట్. అది దాటితే రంగు ముదురుతుంది, లెక్క తప్పుతుంది.

నాగవేణి ఫ్లాస్కులో రంగు ఎప్పుడూ ముదిరేది.

"ఎందుకు ముదిరింది? చెయ్యి దాటిందా?" అని అడిగేవాణ్ణి.

"అవునన్నా, దాటింది."

"ఏం చేయాలి?"

"నిదానంగా వదలల్ల."

నిదానంగానే వదిలేది. మళ్లీ ముదిరేది. ఒక విషయం అప్పుడే నాకు తట్టాల్సింది. చేతకానివాళ్ల రీడింగులు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, చెదిరిపోతాయి. ఆమెవి మూడుసార్లూ ఒకే చోట ఆగేవి. అది జారిపోయే చెయ్యి కాదు. తాను చూసుకున్న ఛాయ దగ్గర నమ్మకంగా ఆగే చెయ్యి.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ల్యాబ్‌లో అందరూ వెళ్లిపోయినా ఆమె వెళ్లలేదు.

"అన్నా, ఇది పోతే మా నాయన మళ్లీ పంపడు. రంగు పనికి ఇంట్లో ఇంకో చెయ్యి లేదు. ఒక్కసారి నువ్వు చేసి చూపీరాదా?"

"నియమం ఒప్పుకోదు" అన్నాను. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాను. అన్నింటికీ సరిగ్గా జవాబు చెప్పింది.

పరీక్షలో ఆమె లెక్క అనుమతించిన హద్దు దాటింది. ప్రాక్టికల్స్ తప్పింది. ఆ తర్వాత కాలేజీకి రాలేదు. మళ్లీ రాసే అవకాశం ఉందని చెప్పి రమ్మని మేడమ్ నన్ను ఎమ్మిగనూరు పంపారు.

వాళ్ల నాయన వీరేశప్ప ఇంటి ముందు రంగు తొట్టి దగ్గర ఉన్నాడు. ఆవిరి లేస్తున్న తొట్టిలోంచి చిలపను, అంటే నూలు కట్టను, కర్రతో పైకెత్తి, పిండి, ఎండకు పట్టి చూశాడు. నా కంటికి మంచి ఎరుపు.

"ఇంకా పట్టల్ల. తడి మీద ఇట్లే కనపడతాది. ఆరితే దిగిపోతాది" అని మళ్లీ ముంచాడు.

నాగవేణి పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆమె వైపు తిరిగాను.

"ఫ్లాస్కులో కూడా నువ్వు ఇదే చూసేదానివా?"

"మరి రంగంటే ఇదే గదన్నా. లేతగా వస్తానే ఆపల్లని తెలుసు. తిప్పుతాంటే తగ్గినట్ల కనపడతాది. దిగిపోతాదేమోనని బయ్యం. ఇంకో సుక్క ఏస్తా."

"ఈ మాట ముందే చెప్పలేదేం?"

"సెయ్యి దాటిందా అని నువ్వే అడిగితివి. అవునంటి."

మళ్లీ పరీక్ష గురించి చెప్పాను. వీరేశప్ప కర్ర తిప్పుతూనే విన్నాడు.

"ఒకసారి సూసినాం గదప్పా. సాల్లే. పాప ఈడ లేకుంటే తొట్టి ఆగిపోతాది" అన్నాడు. తర్వాత నన్ను తేరిపార చూసి, "నువ్వు మిల్లోళ్ల మనవడివి గదా? నిలబడినావేం? ఆ బండ మీద కూర్చో. మీ తాత ఎప్పుడొచ్చినా ఆడే కూర్చుంటాండె. మా రంగుకు మీ నూలు ఎట్ల నిలుస్తాదో అడిగి అడిగి తెలుసుకుంటాండె" అన్నాడు.

ఆ బండ మీద అంతా రంగు మరకలు. మా తాత ఒకరి వాకిట్లో కూర్చుని, అడిగి తెలుసుకునేవాడని మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. కూర్చున్నాను. నాగవేణి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. బస్సు టైమయ్యేదాకా ఆ బండ మీదే ఉన్నాను.

ఇప్పుడు నేను జీతానికే అదే ల్యాబ్‌లో పాఠం చెబుతున్నాను. పీర్ ఇన్‌స్ట్రక్టర్లుగా చేరే సీనియర్లకు ఆ రెండు నియమాలూ చెబుతాను, అవి మంచివే. వాటికంటే ముందు, పక్కన స్టూలు వేసుకుని కూర్చోమంటాను. తప్పు ఎక్కడో ముందే అనుకుని అడిగితే పిల్లలు అవుననే అంటారని, 'నీకేం కనపడుతోంది?' అని అడగమని చెబుతాను. పోయినేడు గోనెగండ్ల నుంచి వచ్చే పిల్ల ఒకతె ఆ ఒక్క ప్రశ్నకే తన తప్పు తానే పట్టుకుంది. గదిలో అందరూ మెచ్చుకున్నారు.

ఎమ్మిగనూరు బస్సు ల్యాబ్ కిటికీలోంచి కనపడుతుంది. అది వచ్చి ఆగినప్పుడు, దిగేవాళ్ల వైపు ఇప్పటికీ ఒకసారి చూస్తాను.