మధుపర్కంలో పట్టిన వాన

మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన చిన్న ఊరు. పెన్నా కాలవ నీళ్లు చేలల్లోకి, పెరట్లోకి, ఒక్కోసారి ఎవరూ పిలవకుండానే వాకిట్లోకి కూడా వచ్చేస్తాయి. అలాంటి ఊళ్లో పుట్టిన మా సుశీలక్క, పెళ్లయిన ఆర్నెల్లకు కృష్ణపట్నం అవతల సముద్రపొడ్డు పల్లెకు కాపురానికి వెళ్లింది. బావ అక్కడి చిన్న బడిలో పంతులు. ఇది 1960ల తొలి ఏళ్ల మాట. ఒకరోజు ఉప్పు బండి తోలుకొచ్చిన పెద్దమనిషి మా నాయనతో, "మీ అమ్మాయి బిందె పట్టుకోని దొరువు కాడ నిలబడుండాది" అన్నాడు. దొరువంటే ఇసకలో తవ్విన నీటిగుంట. ఆ పూట నాయనకు అన్నం సయించలేదు. "తాగే నీళ్లు లేని ఊళ్లో కాపురమేందిరా? పొయ్యి అక్కను పిల్చకరా. బావకు నెల్లూరు బదిలీ అయ్యిందాకా ఈడే ఉంటాది" అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. అమ్మ కందిపప్పు, చింతపండు మూటగట్టి నా చేతికిచ్చింది.

ఇప్పుడు ఆ తీరానికి వెళ్లేవాళ్లకు మంచి రోడ్డుంది. అప్పుడు మాత్రం పూటంతా పట్టేది. ఆశ్వయుజం చివరి రోజులు. తెల్లవారుతుండగా బస్సెక్కి నెల్లూరులో దిగి, నాలుగు ఇడ్లీలు తిని, ముత్తుకూరు బస్సు పట్టుకున్నాను. రెండు టిక్కెట్లూ కలిపి రూపాయి దాటలేదు. ముత్తుకూరు నుంచి ఎద్దుల బండి. నేను ఏ ఊరికి పోతున్నానో విని బండాయన నా మూట వైపు చూశాడు. "ఆ ఊళ్లో సుట్టాలింటికి పొయ్యేవోళ్లు పండ్లు తీసకపోరబ్బయ్యా, బిందెడు నీళ్లు తీసకపోతారు" అని పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ మాట నాయన విననందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బండి దిగాక బకింగ్‌హాం కాలవ దాటాలి. పడవ మీద సరుగుడు కట్టెల మోపుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఒడ్డు చేరుతుండగా పడవాయన, "బిరబిరా ఇల్లు జేరు సామీ, తూరుపు నల్లబడతా ఉండాది" అన్నాడు.

అక్కది తాటాకు ఇల్లు. నన్ను చూడగానే ముఖం చేటంత చేసుకుని చెంబుతో నీళ్లిచ్చింది. ఒక్క గుక్క తాగి చెంబు కింద పెట్టేశాను. ఉప్పు కషాయం! భోజనంలో పప్పు గింజకు గింజ విడిగా ఉంది, పొద్దుటి నుంచి పొయ్యి మీదే ఉందట. ఆ నీళ్లతో ఎంతసేపు కాచినా పప్పు ఉడకదట. నాయన చెప్పిన మాట చెప్పేశాను. అక్క పళ్లెం తీస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఇప్పుడొస్తే నాయన మళ్లీ పంపడురా. బదిలీ అంటే ఏడాదో, రెండేళ్లో. అందాకా ఆయన ఈడ, నేను ఆడ. దానికా నేను పెళ్లి జేసుకునింది?" అంది. పళ్లెం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "పప్పు ఉడకలేదనే గదా మీ బాధ? ఈ వాన పడనీ. నేను నీళ్లు పట్టి పప్పు వండి పెడతా. ఉడక్కపోతే రేపు నీ యెంట వస్తా."

సరేనన్నాను. పందెంలో నేనే గెలుస్తాననుకున్నాను, ఎందుకంటే మా అక్క పుట్టింట్లో గిన్నెడు నీళ్లు దాచిన పాపాన పోలేదు.

పెరట్లోకి వెళ్లి చూస్తే చూరు కింద తాటి దోనె వాలుగా కట్టి ఉంది. నిలువునా చీల్చి, లోపల తొలిచిన తాటి మాను అది. దాని కొసన మూత వేసిన పెద్ద బాన. బాన నిండి పొర్లితే ఆ నీళ్లు పోవడానికి చిన్న బోది, దాని చివర బీరపాదు, నాలుగు వంగ మొక్కలు. సన్నగా, ఎండిపోయి ఉన్నా బతికే ఉన్నాయి.

వాన ఒక్కసారిగా దిగింది. దోనెలో నీళ్లు పరుగెత్తుతున్నాయి, అక్క మాత్రం బాన మూత తియ్యలేదు. పైగా దోనె కొసను పక్కకు తోసింది. గోధుమరంగు నీళ్లు నేలపాలవుతున్నాయి. "మతి పోయిందా? పట్టవే!" అని అరిచాను. "ఆగరా! కప్పు మీద కాకి రెట్ట, ఉప్పు దుమ్ము కడుక్కోని పోవాల" అంది. వాన ఆగిపోతే ఏమవుతుందోనని నాకే దడ పట్టుకుంది. పందెం గెలవాల్సిన వాణ్ని, వాన ఆగకూడదని మొక్కుకుంటున్నాను! నీళ్లు కాస్త తేటపడ్డాక దోనెను బానలోకి తిప్పింది. "ఇయ్యి అంట్లకీ, స్నానానికీ, మొక్కలకీ. తాటాకు మీద పడిన నీళ్లు తాగడానికి పనికిరావు."

అప్పుడు పక్కింటి మరియమ్మ కంచె మీదుగా కేకేసింది. "సుశీలమ్మా, గుడ్డ కట్టినావా?"

"కడతా ఉండా అక్కా!"

పెరడు మధ్యలో నాలుగు గుంజలున్నాయి. అక్క లోపలి నుంచి తెల్లటి గుడ్డ తెచ్చి నాలుగు మూలలూ గుంజలకు కట్టి, మధ్యలో కడిగిన రాయి వేసి, దాని కింద కడవ పెట్టింది. ఎర్ర అంచు చూసి గుర్తుపట్టాను. పెళ్లిలో కట్టుకున్న మధుపర్కం!

"అక్కా, ఇది..."

"అదే. వెడల్పుగా, దగ్గర నేతతో ఉండే గుడ్డ కావాలని మరియమ్మక్క చెప్పింది. నాకు ఇంకోటి లేదు" అంది వానలో తడుస్తూనే.

నేనూ వానలో కడవ దగ్గరికి వెళ్లాను. రాయి దగ్గర నుంచి సన్నటి ధార కడవలోకి పడుతోంది. అరచెయ్యి పట్టి తాగితే ఏ రుచీ లేదు. ఆ రోజంతా అంత మంచి నీళ్లు తాగలేదు.

కడవ ముప్పాతిక నిండేసరికి వాన వెలిసింది. బావ బడి నుంచి తడిసి వచ్చాడు. పందెం సంగతి విని, తల కూడా తుడుచుకోకుండా పొయ్యి పక్కనే కూర్చున్నాడు. అంత చదువుకున్న మనిషి పప్పు గిన్నె వైపు అలా చూస్తుంటే నాకు జాలేసింది. చివరికి అక్క గరిటెతో రెండు గింజలు తీసి నా అరచేతిలో వేసింది. వేళ్ల మధ్య వెన్నలా నలిగాయి. బావ గట్టిగా నవ్వేశాడు. నేను మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను, ఓడిపోయినవాణ్నని ఎవరూ అనుకోరు.

మర్నాడు ఒక్కణ్నే ఇల్లు చేరాను. "అక్కేదిరా?" అన్నాడు నాయన. జరిగిందంతా చెప్పాను. "పెళ్లి చీర వానలో కట్టిందా!" అని నాయన మండిపడ్డాడు. అమ్మ లేచి లోపలికి వెళ్లింది. పెట్టె తీసిన చప్పుడైంది. మడతల్లో ఇంకా పసుపున్న తన మధుపర్కం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఒక గుడ్డకు కడవన్నా నిండలేదంటివి గదా. ఇది గూడా ఇచ్చిరా పో" అంది. నాయన బస్సు డబ్బులు తీసి ఆ చీర మీద పెట్టాడు.

తర్వాత ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను, అక్కను తీసుకురావడానికి మాత్రం కాదు. నీళ్లున్న ఊరే బతకదగ్గ ఊరని అంతవరకూ అనుకునేవాణ్ని. అక్క నీళ్లు లేని ఊళ్లో ఇల్లు నిలబెట్టుకుంది, ఆ వంట తింటే నాకు కడుపు నిండేది. మీరూ గుడ్డ కట్టి వాననీళ్లు పట్టాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: దాన్ని సబ్బు పెట్టకుండా బాగా జాడించి, రంగంతా పోయాకే కట్టండి. అమ్మ చీరను మేము తొందరలో అలాగే కట్టేశాం, మొదటి కడవ పసుపు నీళ్లయింది. పారబొయ్యమని బావ అంటే అక్క వినలేదు. ఆ నీళ్లతోనే ముఖం కడుక్కుంది.